ఆగస్టులో స్వెటర్లు: నల్లగొండ జిల్లాలో ఒక పరిశోధనశాల భవనం

ఆగస్టు నెల, ముసురు పట్టిన రోజు. బయట గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటోంది. ఆ భవనంలోకి వెళ్లేసరికి ముగ్గురు పరిశోధకులు స్వెటర్లు వేసుకుని పనిచేస్తున్నారు. నాలుగో ఆవిడ కుర్చీ ఎక్కి, చల్లగాలి వచ్చే గ్రిల్లుకు అట్టముక్క అంటిస్తోంది. భవనం మొదలై అప్పటికి ఐదు నెలలు. కరెంటును పొదుపుగా వాడే భవనమని ప్రారంభోత్సవం నాడు మైకు పట్టుకుని చెప్పింది నేనే.

ఆ అట్టముక్క కోసమే ఈ కేస్ స్టడీ రాస్తున్నాను. సంస్థ పేరు, ఊరు, మనుషుల ఆనవాళ్లు వదిలేశాను. గదుల కొలతలను గుండ్రటి అంకెలకు సవరించాను. భవనాలకు గాలి, చల్లదనం, కరెంటు ఏర్పాట్లు చూడటం నా పని. గోడలు, కప్పు ఆర్కిటెక్టువి. ఈ కథలో తప్పులు ఎక్కువగా నా వైపువే.

నేపథ్యం

నల్లగొండ పట్టణం దాటాక దేవరకొండ, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడు సంగతి తెలియనివారు ఉండరు. నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాయి నుంచి కరిగిన ఫ్లోరైడు బోరు నీళ్లలోకి చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చనీ, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం చెబుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడును తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో దాన్ని రూపొందించారు. ఒక జిల్లా పేరు ఇలా పాఠ్యపుస్తకాలకు ఎక్కడం గర్వించాల్సిన విషయమో కాదో నేను చెప్పలేను. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాక తాగునీటి కష్టం చాలావరకు తీరింది. అప్పటికే వంగిపోయిన ఎముకలు మాత్రం వంగినట్టే ఉన్నాయి. వాటి మీద, మూత్రపిండాల మీద పరిశోధన చేసేందుకు ఒక సంస్థ రెండంతస్తుల భవనం కట్టుకోవాలనుకుంది.

అక్కడి పని ఎలాంటిదంటే, ఊళ్ల నుంచి నీరు, మూత్రం, రక్తం నమూనాలు వస్తాయి. ఫ్లోరైడు గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి నమూనాలన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంటాయి. కొలిచేది ఒక ఎలక్ట్రోడుతో. ఫ్లోరైడు పది రెట్లు మారితే దాని రీడింగు 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. గది ఉష్ణోగ్రత మారితే ఆ అంకె కూడా కదులుతుంది. అందువల్ల ‘చల్లగా ఉంటే చాలు’ అనుకునే ఆఫీసు కాదిది. గది ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలబడాలి. ఎముక, ఆహారం నమూనాలను ఆమ్లాల్లో కరిగించేటప్పుడు పొగలు వస్తాయి, వాటిని బయటికి లాగేయాలి. మరోపక్క కణాల పెంపకం గది ఉంది. దాని తలుపు తీస్తే గాలి లోపలికే పోవాలి కానీ, బయటికి రాకూడదు.

నా చేతికి వచ్చిన డ్రాయింగులు

నన్ను పిలిచేసరికి ఒక డ్రాయింగుల కట్ట తయారుగా ఉంది. ప్రయోగశాలల విస్తీర్ణం 7,000 చదరపు అడుగులు, ఎత్తు 10 అడుగులు. గదులన్నిటికీ గంటకు 12 సార్లు పూర్తిగా కొత్త గాలి, రాత్రీ పగలూ ఒకే తీరు. ఏడు బృందాలకు తలా రెండు చొప్పున 14 ఫ్యూమ్ హుడ్‌లు, అంటే రసాయనాల పొగలను బయటికి లాగేసే, ముందు అద్దమున్న పెట్టెలు. రోడ్డు పడమట ఉంది కాబట్టి ఆ వైపు నిలువెత్తు అద్దాలు. చల్లదనానికి 120 టన్నుల చిల్లర్లు, అంటే నీటిని చల్లార్చే పెద్ద యంత్రాలు; టన్ను అంటే ఇళ్ల ఏసీలకు వాడే కొలతే.

సంస్థ డైరెక్టరు వైద్యుడు. ఆయన ప్రశ్న సూటిగా ఉంది: “కట్టడానికి డబ్బు దాతలు ఇస్తున్నారు. నెలనెలా బిల్లు ఎవరిస్తారు?”

అప్పటికే ఆర్కిటెక్టు గోడల గురించి, బూడిద ఇటుకల గురించి, కప్పు మీద తెల్ల పెంకుల గురించి మంచి నివేదిక ఇచ్చి ఉన్నాడు. అవన్నీ అవసరమే. కానీ నేను ఒక కాగితం తీసుకుని గాలి లెక్క వేశాను. 70,000 ఘనపుటడుగుల గాలి గంటకు 12 సార్లు మారాలంటే నిమిషానికి 14,000 ఘనపుటడుగులు, అంటే మా భాషలో 14,000 సీఎఫ్ఎం. దాన్ని బయటినుంచి తెచ్చి, 13 డిగ్రీలకు చల్లార్చి, గదుల్లో ఒక్కసారి వాడి, పైకప్పు మీదినుంచి ఆకాశంలోకి వదిలేస్తాం. ఈ ఒక్క పనికే దాదాపు 80 టన్నులు పోతున్నాయి. గోడలు, కప్పు, దీపాలు, యంత్రాలు, మనుషులు కలిపి మిగతా 40. గోడను ఎంత మందంగా కట్టినా ఆ 40లో ఒక ముక్కే తగ్గుతుంది.

గోడల సంగతి

ఇది త్వరగానే తేలింది. భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగు చేసి, పెద్ద కిటికీలను ఉత్తరానికి పెట్టాం. దక్షిణపు కిటికీలకు రెండున్నర అడుగుల సజ్జలు. పడమట అద్దాలు పోయి మెట్లు, సామాను గదులు, లిఫ్టు వచ్చాయి. రోడ్డు మీదినుంచి చూస్తే భవనానికి ముఖం లేదని కమిటీలో ఒకరు చాలా రోజులు బాధపడ్డారు. కప్పు మీద పగిలిన తెల్ల పింగాణీ ముక్కలు పరిచాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తీసుకురాక ముందునుంచే మన మేస్త్రీలకు తెలిసిన పని అది. నేలకు తాండూరు బండలు వేద్దామన్నారు. ఆమ్లం పడితే సున్నపురాయి పొంగి తినేసుకుపోతుంది కాబట్టి రసాయనాల గదిలో మాత్రం వద్దన్నాను.

హుడ్‌ల లెక్క

అసలు పని ఇక్కడ మొదలైంది. నాలుగడుగుల వెడల్పున్న హుడ్ ముందరి అద్దాన్ని 19 అంగుళాలు పైకి ఎత్తితే తెరుచుకునే జాగా ఆరు చదరపు అడుగుల పైచిలుకు. పొగ మనిషి ముఖం వైపు రాకుండా ఉండాలంటే నిమిషానికి 100 అడుగుల వేగంతో గాలి లోపలికి పోవాలి. అంటే ఒక్కో హుడ్ 630 సీఎఫ్ఎం మింగుతుంది. వానాకాలంలో అంత గాలిని చల్లార్చడానికి మూడున్నర టన్నులు కావాలి, ఇళ్లలో పెట్టుకునే ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు పెట్టినా చాలదు. 14 హుడ్‌లు కలిపితే 8,800 సీఎఫ్ఎం దాటుతుంది. ఇన్ని హుడ్‌లు ఉన్నంతకాలం గదికి గంటకు 12 సార్లను 6కు తగ్గించినా 8,800 కిందికి దిగలేం. ఎంత గాలి కావాలో హుడ్‌లే నిర్ణయిస్తాయి.

‘హుడ్‌లు తగ్గించండి’ అని చెబితే ఏ శాస్త్రవేత్తా ఒప్పుకోడు. పొదుపు పేరు మీద తమ భద్రత కోస్తున్నారని అనుకుంటారు, అనుకోవడం తప్పు కూడా కాదు. అందుకే సంఖ్య గురించి మాట్లాడకుండా, వాళ్ల పాత అద్దె భవనంలో ప్రతి బల్ల దగ్గరా ఒక కాగితం పెట్టించాను. రెండు వారాలు ఏ పని చేశారు, ఏ రసాయనం వాడారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎప్పుడు ముగించారు అని రాయాలి. అంతే.

కాగితాలు తిరిగి వచ్చాక డైరెక్టరు గదిలో నేల మీద పరిచి చూశాం. అడిగిన 14లో ఆరు హుడ్‌లు కణాల పెంపకానికి, సూక్ష్మజీవులున్న నమూనాలకు. ఆ పనికి ఫ్యూమ్ హుడ్ తప్పు పరికరం. అది మనిషిని కాపాడుతుంది కానీ, గది దుమ్మునంతా నమూనా మీదికి లాగుతుంది. వాళ్లకు కావలసింది క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్, అంటే వడకట్టిన గాలితో మనిషినీ నమూనానూ రెండింటినీ కాపాడే పెట్టె. అందులో ఏ2 రకం లోపలి గాలిలో దాదాపు 70 శాతాన్ని సన్నటి దుమ్మును, క్రిములను పట్టే హెపా ఫిల్టరు గుండా మళ్లీ తిప్పుకుంటుంది, మిగతాదాన్ని కూడా వడకట్టి గదిలోకి వదులుతుంది. బయటికి డక్టు (గాలి గొట్టం) అక్కర్లేదు. ఇంకో మూడింటిని సీసాలు దాచుకోవడానికి అడిగారు. దానికి సన్నటి గొట్టంతో గాలి లాగే అలమారా చాలు. మిగిలిన ఐదు నిజంగా ఆమ్లాల పనికి కావలసినవి. వాటిలో కూడా ఒకే సమయంలో నాలుగుకు మించి ఎప్పుడూ నడవలేదు. ఐదూ ఉంచాం, ఒకటి చెడిపోతే పనికొస్తుందని.

తర్వాత గదులను విడదీశాం. రాసుకునే బల్లలు, రికార్డులు, కొన్ని యంత్రాలు కలిపి 2,000 చదరపు అడుగులు ప్రయోగశాల నుంచి అద్దపు గోడతో వేరయ్యాయి. అక్కడ మామూలు ఆఫీసులాగా గాలిని తిరిగి వాడుకోవచ్చు. రసాయనాల గది 1,200 చదరపు అడుగులు, ఐదు హుడ్‌లూ అందులోనే. మిగిలిన 3,800కు పగలు గంటకు 6 సార్లు, రాత్రి 4 సార్లు. మొత్తం లెక్క పగలు 7,000 సీఎఫ్ఎం దగ్గర, రాత్రి హుడ్ అద్దాలు దించితే 3,300 దగ్గర తేలింది. పద్నాలుగు వేలు సగమయ్యాయి. చిల్లర్లు 40 టన్నులవి రెండు చాలన్నాం.

నీళ్లా, గాలా?

నీటితో చల్లబడే చిల్లర్ కరెంటు తక్కువ తింటుంది. ఎవరినడిగినా అదే సలహా ఇస్తారు. కానీ కూలింగ్ టవర్‌లో టన్నుకు గంటకు ఆరేడు లీటర్లు ఆవిరైపోతాయి. కఠిన జలం అయితే ఉప్పులు పేరుకోకుండా మరో మూడు లీటర్లు పారబోయాలి. 70 టన్నులు పది గంటలు నడిస్తే రోజుకు 7,000 లీటర్లు. మామూలు ట్యాంకరు 5,000 లీటర్లది. నీటి జబ్బు మీద పరిశోధన చేసే సంస్థ రోజుకు ట్యాంకరున్నర నీళ్లు ఆకాశానికి ధారపోయడం నాకు నచ్చలేదు, డైరెక్టరుకూ నచ్చలేదు. గాలితో చల్లబడే రకమే తీసుకున్నాం. ఇక్కడ కరెంటు పొదుపును తెలిసే వదులుకున్నాం. ఆ నిర్ణయం గురించి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

నా తప్పు లెక్క

బయటికి వదిలే గాలి 24 డిగ్రీల చల్లటి గాలి. ఆ చల్లదనాన్ని లోపలికి వచ్చే వేడిగాలికి అందిస్తే ఎంతో కలిసి వస్తుంది. తిరిగే చక్రంతో ఈ పని బాగా జరుగుతుంది, చెమ్మను కూడా మార్పిడి చేస్తుంది. కానీ చక్రం నుంచి కాస్త గాలి అటునుంచి ఇటు జారుతుంది. ప్రయోగశాలలో దాన్ని ఒప్పుకోలేం. అందుకని రెండు కాయిల్స్ (నీళ్లు తిరిగే గొట్టాల చుట్టలు), మధ్య నీటి గొట్టం, ఒక పంపు ఉండే ఏర్పాటు ఎంచుకున్నాను. రెండు గాలులూ ఒకదాన్నొకటి తాకవు. ఒక కాయిల్ బయటికి పోయే గాలిలో, మరొకటి లోపలికి వచ్చే గాలిలో. హుడ్‌ల పొగ మాత్రం దీనితో సంబంధం లేకుండా సొంత గొట్టాల్లో కప్పు మీద పదడుగుల పైకి పోతుంది.

దీని లాభాన్ని మే నెలతో లెక్కగట్టాను. బయట 44, లోపల 24. లోపలికి వచ్చే గాలి ఐదున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆరు టన్నులు కలిసివస్తాయి. నల్లగొండలో మే నెలను చూసినవాడెవడైనా ఆ నెలతోనే లెక్కగడతాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట ఆగస్టు గురించి ఎవరు భయపడతారు?

ఆ ఆగస్టే దెబ్బకొట్టింది. మేలో 44 డిగ్రీల గాలి పొడిగా ఉంటుంది, కిలో గాలిలో పది గ్రాముల నీటి ఆవిరి. ఆగస్టులో 28 డిగ్రీలే, కానీ ఆవిరి 19 గ్రాములు. ఆ ఆవిరిని నీరుగా పిండడానికి కూడా చల్లదనమే ఖర్చవుతుంది. మొత్తం కలిపితే కిలో గాలిని 13 డిగ్రీలకు తేవడానికి మేలో సుమారు 32 కిలోజౌళ్లు, ఆగస్టులో 39. థర్మామీటరు తక్కువ చూపించే నెలలో చిల్లర్ మీద బరువు ఎక్కువ. చిల్లర్లను ఆగస్టుకే సరిపోయేలా తీసుకున్నాను, ఆ తప్పు చేయలేదు. వేడిని తిరిగి పట్టుకునే ఏర్పాటుకు మాత్రం మే లెక్కనే నమ్మాను. ఆగస్టులో లోపలికీ బయటికీ తేడా నాలుగు డిగ్రీలే. నేను వెళ్లిన రోజు కాయిల్‌కు ముందు, వెనక థర్మామీటర్లు పెట్టి చూశాను. 28గా వచ్చిన గాలి 27గా పోతోంది. ఆ ఒక్క డిగ్రీ కోసం పంపు రాత్రీ పగలూ తిరుగుతోంది.

స్వెటర్ల వెనక

ఇళ్లలో ఏసీ గది చల్లబడగానే ఆగుతుంది. ప్రయోగశాలలో గాలి ఆగదు, ఆగకూడదు. చెమ్మ తీయాలంటే గాలిని 13 డిగ్రీలకు చల్లార్చాలి. ఎండ లేని రోజున గదిలో వేడి తక్కువ. అయినా అంత చల్లటి గాలి అంతే పరిమాణంలో వస్తూనే ఉంటుంది. అందుకని గదిలోకి వదిలే ముందు దాన్ని కాస్త వేడి చేయాలి. దానికోసం డక్టుల్లో 18 కిలోవాట్ల కరెంటు హీటర్లు పెట్టాను. వానాకాలంలో ఏదో కొన్ని గంటలు వాడతారులే అనుకున్నాను. చల్లార్చడానికి కరెంటు, చల్లార్చినదాన్ని వేడి చేయడానికి మళ్లీ కరెంటు. కాగితం మీద రాస్తేనే సిగ్గనిపించే ఏర్పాటు.

జూలై బిల్లు చూసి పరిపాలనాధికారి భవనమంతా తిరిగి, ఈ హీటర్లను కనిపెట్టాడు. “ఏసీ భవనంలో హీటర్లేమిటి సార్?” అని నన్ను అడిగాడు, కానీ అప్పటికే వాటి స్విచ్చు తీసేసి మూడు వారాలైంది. ఆయన ప్రశ్నలో న్యాయముంది. గదులు 19 డిగ్రీలకు పడిపోయాయి, స్వెటర్లు బయటికొచ్చాయి, గ్రిల్లులకు అట్టలు వచ్చాయి.

గ్రిల్లు మూస్తే గదుల మధ్య గాలి తూకం చెడుతుంది. అట్టల వల్ల జరిగిన ఆ నష్టం చూపించడానికి టిష్యూ కాగితం నుంచి వేలెడు ముక్క చించి, కణాల పెంపకం గది తలుపు కింది సందు దగ్గర పట్టుకున్నాను. కాగితం లోపలికి వంగాలి. అది ఒకసారి లోపలికి వంగింది, తర్వాత నిటారుగా వేలాడింది, పక్క గదిలో ఎవరో తలుపు తీయగానే నెమ్మదిగా మా వైపు తిరిగింది. గది గాలి నడవాలోకి వస్తోంది. ఆ ముక్కను అలాగే పట్టుకుని డైరెక్టరును పిలిచాను. ఆయన రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కాగితాన్నే చూశారు. ఆ సాయంత్రమే అట్టలు తీయించి, హీటర్లు వేయించాం. బిల్లు పెరుగుతుందని ముందే రాసిచ్చాను. పెరిగింది.

పనికిరాని మరో ఆలోచన

ఎండాకాలంలోనే ఒకటి ప్రయత్నించి ఉన్నాం, అదీ చెప్పాలి. బయటికి పోయే గాలిని తడి ప్యాడ్ల గుండా పంపితే 18 డిగ్రీలకు చల్లబడుతుంది, అప్పుడు కాయిల్ ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. బోరు నీళ్లు పెట్టాం. ఆరు వారాల్లో ప్యాడ్లకు తెల్లగా గార కట్టింది. గోరుతో గీకితే సుద్దలా రాలింది. తీరిగ్గా లెక్క చూస్తే లాభం ఒకటిన్నర టన్నులే, అది కూడా ఎండ మండే నెలల్లో పగటి పూట. ఆ లాభానికి ఈ గోకుడు ఎందుకని తీసేశాం. కాగితం మీద చాలా అందంగా కనిపించిన ఆలోచన అది.

మూడో కాయిల్

హీటర్లకు మారు ఏమిటని నెల రోజులు ఆలోచించాను. చిల్లర్ బయటికి వదిలే వేడిని వాడుకోవచ్చు, కానీ చిల్లర్లు కప్పు మీద ఒక చివర, గాలి యంత్రం మరో చివర ఉన్నాయి. గొట్టాల ఖర్చు ఎక్కువ. చివరికి దారి కళ్లముందే కనిపించింది. లోపలికి వచ్చే గాలిలో ఒక కాయిల్ ఎలాగూ ఉంది, ఆగస్టులో ఊరికే ఉంటోంది. చల్లార్చే కాయిల్ తర్వాత మరో కాయిల్ పెట్టి, ఈ రెండింటినీ అదే నీటి గొట్టంతో కలిపితే? వచ్చే తడిగాలిలోని వేడి నీటి ద్వారా ముందుకు వెళ్లి, 13 డిగ్రీలకు చల్లబడిన గాలిని 18కి వెచ్చబరుస్తుంది. హీటర్ల పని జరిగిపోతుంది. వచ్చే గాలి ముందే కొంత చల్లబడి చిల్లర్ మీద ఐదు టన్నుల బరువు తగ్గుతుంది. ఖర్చు ఆ పాత పంపుదే.

పాత కాయిల్‌ను ఎగ్జాస్టు (బయటికి పోయే గాలి దారి) నుంచి పీకి ఇక్కడ పెడదామని కాంట్రాక్టరు అన్నాడు. మే నెల ఆరు టన్నులు పోగొట్టుకోవడం నాకిష్టం లేక మూడో కాయిల్ కొనిపించాను. గాలి యంత్రం పెట్టెను నాలుగడుగులు పొడిగించి, గొట్టంలో ఒక మార్పిడి వాల్వు వేశాం. ఎండాకాలంలో ఎగ్జాస్టు కాయిల్ వైపు, వానాకాలంలో కొత్త కాయిల్ వైపు. ఆటోమేటిక్ వాల్వు పెడదామా అన్న ప్రశ్న వచ్చింది. ఏడాదికి రెండుసార్లు తిప్పేదానికి మోటారు, సెన్సరు ఎందుకని చేతి వాల్వే పెట్టాం. ఎప్పుడు తిప్పాలో గుర్తుండటానికి ఆపరేటరు, పక్క ఊరి కుర్రవాడు, తేదీ రాసుకోలేదు. గోడ మీద ఎర్ర పెయింటుతో ‘మృగశిర’ అని రాసి, పక్కన బాణం గుర్తు వేశాడు. చేపలు తినే రోజు ఎవరూ మరిచిపోరు కదా అన్నాడు.

గాలినుంచి పిండిన నీళ్లు కూడా ఒక సంగతే. పగలు 7,000 సీఎఫ్ఎం నడిచే ఆగస్టు రోజున గంటకు వంద లీటర్లకు పైగా వస్తాయి. లవణాలూ ఫ్లోరైడూ దాదాపు లేని నీళ్లు. మొదట్లో అవి కాలువలోకి పోయేవి. ఇప్పుడు వడకట్టి, అతినీలలోహిత దీపం కింద పంపి, శుద్ధజలం తయారుచేసే ఆర్వో యంత్రానికి ఇస్తున్నారు. బోరు నీళ్లు పెట్టినప్పుడు సగానికి పైగా పారబోసిన ఆ యంత్రం ఆ నెలల్లో చాలా తక్కువ పారబోస్తోంది.

అటెండరు చెప్పిన మాట

రాత్రి 3,300 సీఎఫ్ఎంకు దిగాల్సిన గాలి ఎప్పుడు చూసినా 5,700 దగ్గరే ఉండేది. కారణం తెలిసిందే, హుడ్ అద్దాలు ఎవరూ దించడం లేదు. పోస్టర్లు అంటించాం. డైరెక్టరు సర్క్యులర్ పంపారు. అద్దం ఎత్తి ఉంటే మోగే గంట పెట్టాం. వారంలో గంటల వైర్లన్నీ ఊడదీసి ఉన్నాయి.

ఒక సాయంత్రం గది తుడిచే అటెండరును అడిగాను: “అమ్మా, వెళ్లేటప్పుడు ఈ అద్దాలు కిందికి దించవచ్చు కదా?”

“దించితే గొట్టం నలుగుతుంది సార్” అంది ఆవిడ. “ఒకసారి దించాను. పొద్దున వచ్చి మేడమ్ కోప్పడింది.”

వంగి చూశాను. చల్లటి నీటి రబ్బరు గొట్టాలు, హీటింగ్ ప్లేటు వైరు, అన్నీ అద్దం కిందినుంచే లోపలికి పోతున్నాయి. రాత్రంతా నడిచే ప్రయోగం ఉంటే అద్దం దించడం కుదరదు. ఐదు హుడ్‌లకూ పక్క గోడలో రెండంగుళాల రంధ్రం వేసి, గొట్టాలను అటునుంచి మళ్లించి, చుట్టూ రబ్బరు బిగించాం. ఒక పూట పని. ఆ తర్వాత రోజూ ఆరు గంటలకు ఆవిడే ఐదు అద్దాలు దించి పలక మీద గీత పెడుతోంది. రాత్రిపూట కూర్చునేవాళ్ల కోసం గోడకు ఒక బటన్ పెట్టాం. నొక్కితే రెండు గంటలు పూర్తి గాలి వస్తుంది.

ఫ్రీజర్లు

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు ఎనిమిది. ఒక్కొక్కటి రోజుకు 16 యూనిట్ల దాకా తిని, ఆ వేడిని గదిలోకే కక్కుతుంది. అంటే చిల్లర్ దాన్ని మళ్లీ మోయాలి. ఎనిమిదీ కలిస్తే ఒకటిన్నర టన్నులు. వాటిని ఈశాన్య మూల గదిలోకి మార్చి, వేడి బయటికి పోయేలా ఫ్యాను పెట్టాం. మైనస్ 70కి మార్చితే ఇంకా తగ్గుతుంది. మూడు ఫ్రీజర్లకు ఒప్పుకున్నారు, ఐదింటికి ఒప్పుకోలేదు. పదేళ్ల నమూనాలు ఉన్నవాటిని నేనూ బలవంతం చేయలేదు.

ఫలితం, మారిన పద్ధతులు

హీటర్లు మళ్లీ వేసిన మొదటి సెప్టెంబరుతో పోల్చితే, రెండో ఏడాది సెప్టెంబరులో యూనిట్లు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఇందులో మూడో కాయిల్ వాటా ఎంత, అటెండరు వాటా ఎంత అని అడిగితే విడదీసి చెప్పలేను. రెండు పనులూ ఒకే జూన్‌లో చేయించాను, మీటర్లు విడిగా పెట్టించలేదు. చిల్లర్‌కు, ఫ్యాన్లకు, హీటర్లకు వేర్వేరు మీటర్లు మొదటినుంచీ ఉంటే స్వెటర్లను చూసే దాకా ఆగాల్సిన పనే ఉండేది కాదు. ఆ తర్వాత చేసిన రెండు భవనాల్లో ఆ మీటర్ల ఖర్చును కోతల జాబితాలోకి వెళ్లనివ్వలేదు.

వేడిని పట్టుకునే ఏ ఏర్పాటుకైనా ఇప్పుడు పన్నెండు నెలల లెక్క వేస్తున్నాను, మే నెలను, ఆగస్టును పక్కపక్కన పెట్టి. కరెంటు హీటర్ డ్రాయింగులో కనిపిస్తే ముందు దాన్ని కొట్టేసి, తర్వాత ఆలోచిస్తున్నాను. గాలి దిశను పరీక్షించేటప్పుడు కాంట్రాక్టరు ఇచ్చే నివేదికతోపాటు మామూలు పని రోజున, తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండగా, టిష్యూ ముక్కతో నేనే చూస్తున్నాను. సౌర పలకలు ఈ భవనానికి ఆఖరున వచ్చాయి, బండ్లు నిలిపే చోట పైకప్పుగా 40 కిలోవాట్లు. కప్పు మీద పొగ గొట్టాలకు, చిల్లర్లకే జాగా చాలలేదు. పలకలను మొదటే పెట్టి ఉంటే ఫొటోలు బాగా వచ్చేవి. హీటర్లు తినే కరెంటుకు కూడా అవి చాలేవి కావు.

పోయిన నెల డైరెక్టరు ఫోను చేశారు. కొత్తగా చేరిన బృందం మూడు హుడ్‌లు అడుగుతోందట. ఎన్ని పెట్టవచ్చు అన్నారు. ఆ పాత కాగితం నమూనా నా కంప్యూటర్‌లోనే ఉంది. రెండు వారాలు నింపించి పంపమని వాట్సాప్‌లో పెట్టాను. ఇంకా రాలేదు.